ఒక జట్టు ఔన్నత్యమూ, దాని వేళ్ళూ

నస్పూరు కాలనీలో సాయంకాలపు వేళ ప్రతిదినమూ ఒక దృశ్యం కనిపిస్తుంది. మొదటి షిఫ్టు ముగించుకొని బాయి నుండి వచ్చిన కార్మికులు ఇంటికి పోయి స్నానం చేసి, టీ నీళ్ళు తాగి, మైదానపు గట్టున కూర్చుంటారు. కంటి రెప్పల అంచున బొగ్గు నలుపు ఇంకా పూర్తిగా పోదు. ఎదుట పిల్లలు ఆడుతూ ఉంటారు. ఒక మూల చెడుగుడు, ఒక మూల వాలీబాలు, నడుమ ఫుట్‌బాలు. ఎవరి పిల్లవాడు ఏ ఆట ఆడుతున్నాడో తండ్రులకు కాలనీ కొస నుండే తెలిసిపోతుంది.

నా బాల్యం ఆ గట్టు దగ్గరనే గడిచినది. బెల్లంపల్లి గనులలో పనిచేసి, బదిలీపై మా కాలనీకి వచ్చి, పింఛను పుచ్చుకొన్న ఒక ముసలాయన ఆ గట్టున రోజూ కూర్చునేవాడు. మేమాయనను తాతా అని పిలిచేవారము. బంతి ఆయన కాళ్ళ వద్దకు పోయినప్పుడెల్లా దానిని పట్టుకొని వెంటనే ఇచ్చేవాడు కాదు. "జకార్తల మనోళ్ళు గెలిచిన నాడు నేను బాయిల ఉన్న బిడ్డా. పైకొచ్చినంక రేడియోల విన్న" అని ఆరంభించేవాడు. ఒకనాడు నేను, "మనోళ్ళంటే ఎవరు తాతా?" అని అడిగినాను. ఆయన నన్ను వింతగా చూచినాడు. "ఎవరేంది? రహీం సాబు పిలగాండ్లు" అన్నాడు.

ఆ జవాబు నాకు ఆనాడు అర్థం కాలేదు. జకార్తాలో ఆడినది భారతదేశపు జట్టు. అందులో బెంగాలీలున్నారు, పంజాబీలున్నారు. మరి ఆ ముసలి గని కార్మికుడు ఆ విజయాన్ని హైదరాబాదులోని ఒక బడిపంతులు ఖాతాలో ఎందుకు వ్రాసినాడు? ఒక దేశం తన జట్టును చూచి గర్వపడునప్పుడు, ఆ గర్వం నిజముగా ఎవరికి చెందవలెను? నేటి ప్రసంగంలో ఈ ప్రశ్నకు చరిత్ర ఇచ్చే సమాధానాన్ని మీ ముందుంచుతాను.

* * *

మొదట కొంచెము దూరము పోయి వత్తాము. బొగ్గుకూ బంతికీ గల చుట్టరికం మన సింగరేణితో మొదలైనది కాదు.

ఫుట్‌బాలు, రగ్బీ అను రెండు ఆటలు ఒక తల్లి బిడ్డలు. ఇంగ్లాండులోని పాఠశాలలు ఒక్కొక్కటి ఒక్కొక్క పద్ధతిలో బంతియాట ఆడుకొనేవి. రగ్బీ అను ఊరి పాఠశాలలో 1823లో విలియం వెబ్ ఎల్లిస్ అనే విద్యార్థి బంతిని చేత పట్టుకొని పరుగెత్తినాడనీ, ఆ ఆట అట్లు పుట్టినదనీ ఒక కథ కలదు. అది కథయే కాని దానికి గట్టి ఆధారం లేదు. ఆధారము గల సంగతి ఏమనగా, 1863లో లండనులో ఫుట్‌బాలు సంఘం ఏర్పడి, చేతితో బంతి పట్టి పరుగెత్తుటను, ఎదుటివాని కాలిపై తన్నుటను నిషేధించినది. అందులకు ఒప్పుకొనని వారు విడిపోయినారు. వారి మార్గాన నడిచినవారు 1871లో రగ్బీ సంఘం పెట్టుకొన్నారు. గుండ్రని బంతి ఒక ఇంటికి, కోడిగ్రుడ్డు వంటి బంతి మరొక ఇంటికి పోయినవి.

ఈ రగ్బీ ఆట వేల్సు దేశానికి పోయి అక్కడి బొగ్గు లోయలలో వేళ్ళు తన్నుకొన్నది. 1881లో ఆ దేశపు రగ్బీ సంఘం ఏర్పడినది. 1905 డిసెంబరు 16వ తేదీన కార్డిఫ్ నగరంలో వేల్సు జట్టు న్యూజిలాండు జట్టును 3-0తో ఓడించినది. బ్రిటిషు దీవులలో ఆ పర్యటనలో న్యూజిలాండువారు ఓడిన ఆట అది ఒక్కటే. ఆట మొదలు కాకముందు ప్రేక్షకులు తమ దేశగీతాన్ని గొంతెత్తి పాడినారు. ఆటల మైదానంలో దేశగీతం పాడే ఆచారానికి ఆనాటి పాటనే నాందిగా చెప్పుతారు. ఇంగ్లాండు ప్రక్కన చిన్నదై, తన భాషను తన ఇంటిలోనే కోల్పోవుచున్న ఒక జాతికి ఆ సాయంకాలం ఒక ముఖం దొరికినది. గనులలోనూ కర్మాగారాలలోనూ ఒళ్ళు వంచి పనిచేసేవారూ, కళాశాలలో చదువుకొన్న వైద్యుడూ ఒకే చొక్కా తొడుక్కొని ఆడుట ఆ గర్వానికి మూలం.

అయితే ఇదే ఆటకు మరొక ముఖమున్నది. ఉత్తర ఇంగ్లాండులో గని కార్మికులు, మిల్లు కార్మికులు శనివారము ఆట ఆడితే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలినైనా ఇప్పించుడని వారి క్లబ్బులు అడిగినవి. ఆట ఆటకోసమే ఆడవలెను, డబ్బు మాట ఎత్తరాదని లండను పెద్దలు కాదన్నారు. ఆ పెద్దలకు కూలి పోవుట యనగా ఏమిటో తెలియదు. 1895 ఆగస్టు 29వ తేదీన హడర్స్‌ఫీల్డ్ పట్టణంలో ఆ క్లబ్బులు సమావేశమై వేరుపడినవి. ఒక షిఫ్టు కూలి కొరకు ఒక ఆట రెండుగా చీలినది.

షిఫ్టు విలువ తెలిసిన నస్పూరు శ్రోతలకు ఈ కథలోని నీతిని విడమర్చి చెప్పనక్కరలేదు. ఏ ఆట అయినా మూడు వేళ్ళపై నిలుస్తుంది. మొదటిది, ఆడుకొనుటకు నేల. రెండవది, ఆడేవానికి కూడు. మూడవది, నేర్పే గురువు. ఈ మూడూ ఒకచోట కుదిరినపుడు జట్టు లేస్తుంది. ఒక్కటి తెగినా చెట్టు పైకి పచ్చగా కనిపిస్తూనే లోపల ఎండిపోవ మొదలిడుతుంది. హైదరాబాదు ఫుట్‌బాలు చరిత్ర ఈ మాటకు సాక్ష్యము.

* * *

ముందు నేల సంగతి. 1806లో సికింద్రాబాదు దండు బస్తీ ఏర్పడినది. తిరుమలగిరి, బొల్లారం ప్రాంతాలలో ఆంగ్లేయుల పటాలాలు విడిసినవి. పటాలమున్న చోట కవాతు మైదానమున్నది. కవాతు మైదానమున్న చోట సాయంకాలం బంతి ఉన్నది. 1888లో సిమ్లాలో సర్ మార్టిమర్ డ్యూరాండ్ పేర ఒక పోటీ, 1891లో బొంబాయిలో రోవర్స్ కప్పు పోటీ ఆరంభమైనవి. రెండూ మొదట తెల్ల పటాలాల పోటీలు. దొరలు ఆడుతూ ఉండగా గీత బయట నిలిచి బంతిని అందించిన బంట్రోతుల పిల్లలు, బస్తీ పిల్లలు ఆట నేర్చుకొన్నారు. మన దేశంలో ఫుట్‌బాలు ప్రవేశించిన ద్వారం ఇదియే.

1911 జూలై 29వ తేదీన కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ పటాలాన్ని 2-1తో ఓడించి షీల్డు గెలిచినపుడు ఈ విద్య గురువుకే తిరిగి పాఠం చెప్పినది. ఆ జట్టులో ఒకరు తప్ప అందరూ వట్టి కాళ్ళతో ఆడినారు. రోవర్స్ కప్పును 1937లో బెంగుళూరు ముస్లిమ్స్ జట్టు, డ్యూరాండును 1940లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ జట్టు గెలిచి ఆ కోటలను కూడ తెరిచినవి.

ఇక కూడు సంగతి. హైదరాబాదు ఆటగాడు ధనవంతుని బిడ్డ కాడు. అతనికి నగర పోలీసు శాఖ కొలువు ఇచ్చినది. తెల్లవారు జామున కవాతు, సాయంకాలం బంతి, నెల తిరిగేసరికి జీతం. వేల్సు గని కార్మికుడు దేనికొరకు పోరాడినాడో అది హైదరాబాదు కుర్రవానికి ఖాకీ చొక్కా రూపంలో దొరికినది. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1943లో బెంగుళూరులో రాయల్ ఎయిర్ ఫోర్సు జట్టును ఓడించి యాష్ గోల్డ్ కప్పు గెలుచుకొన్నపుడు దేశంలోని ఆటప్రియులు ఈ పేరును మొదటిసారి శ్రద్ధగా విన్నారు.

మూడవది గురువు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో పుట్టినాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివినాడు. వృత్తి బడిపంతులుగిరి. కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన బడులలో పాఠాలు చెప్పినాడు. వ్యాయామ విద్యలో శిక్షణ పొందినాడు. హైదరాబాదు ఫుట్‌బాలు సంఘానికి కార్యదర్శియై, 1950 నుండి సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడై, ఆ రెండు బాధ్యతలనూ కన్ను మూసేవరకు మోసినాడు.

ఆయన పంతులు కాబట్టి ఆటను పాఠంగా విభజించినాడు. అక్షరాలు రానిదే పద్యం రాదు గదా. బంతిని కాలితో ఆడిస్తూ ఒక్కడే దూసుకుపోయే ముచ్చట మనవారికి మెండు. రహీం సాహెబు అట్లు ఆడరాదని నిబంధన పెట్టి ప్రత్యేకముగా పోటీలు జరిపించినాడు. బంతి వచ్చిన వెంటనే తోటివానికి అందించి తీరవలెను. కుడికాలివాటము వారు ఎడమకాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు పెట్టినాడు. నిర్ణీతమైన ఎత్తు మించిన వారికి ప్రవేశం లేని పోటీలు పెట్టి చిన్నపిల్లలను మైదానానికి రప్పించినాడు. ఈ పోటీలకు ఖర్చు లేదు. బంతి ఒకటి, నేల ఒకటి, ఈల వేసే పంతులొకడు చాలు.

ఫలితం త్వరలోనే కనిపించినది. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు సిటీ పోలీసు జట్టు రోవర్స్ కప్పును గెలిచినది. 1950 డ్యూరాండు పోటీలో, ఢిల్లీలో, మోహన్ బగాన్‌ను ఓడించి ఆ కప్పును కూడ హైదరాబాదుకు తెచ్చినది. ఇక్కడ తేదీలను కొంచెము గమనించవలెను. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసినది 1948 సెప్టెంబరులో. దెబ్బలు, అనుమానాలు ఇంకా ఆరని కాలమది. అట్టి సమయంలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు కలిసి ఆడే హైదరాబాదు ఫుట్‌బాలు ప్రతినిధిగా ఒక జట్టు దేశ రాజధానికి పోయి, దేశంలోని మేటి జట్టును ఓడించి, ఢిల్లీ ప్రేక్షకుల చప్పట్లు అందుకొన్నది. ఏ ఉపన్యాసమూ చేయలేని పనిని ఆ ఆట కొంత చేసినదని నేననుకొంటాను.

* * *

ఇప్పుడు దేశపు జట్టు కథకు వత్తాము.

1948 లండను ఒలింపిక్సులో మన జట్టు ఫ్రాన్సు చేతిలో 1-2తో ఓడినది. మనవారిలో పెక్కుమంది వట్టికాళ్ళతో ఆడినారు. రెండు పెనాల్టీలు వ్యర్థమైనవి. లేకున్న కథ వేరుగా ఉండేది. చూచినవారు మెచ్చుకొన్నారు, కాని మెప్పు వేరు, గెలుపు వేరు. 1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగినవి. రహీం శిక్షణలో, శైలేన్ మన్నా నాయకత్వంలో మన జట్టు తుది పోటీలో ఇరానును 1-0తో గెలిచినది. గోలు కొట్టినవాడు మేవాలాల్. స్వతంత్ర భారతానికి ఫుట్‌బాలులో అది తొలి స్వర్ణం.

ఆ సంతోషం ఏడాదిన్నర కూడ నిలువలేదు. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా మనలను 10-1తో ఓడించినది. చలిదేశపు తడి నేలపై వట్టికాళ్ళు జారినవి. ఓడిన జట్టు గురువు సాధారణముగా రెండు పనులలో ఒకటి చేస్తాడు, విధిని నిందించుట లేక శిష్యులను నిందించుట. రహీం సాహెబు మూడవ పని చేసినాడు. నేర్చుకొన్నాడు. ఆ తరువాత బూట్లు తప్పనిసరి అయినవి. ఆ ఒలింపిక్సులో స్వర్ణం గెలిచిన హంగరీ జట్టు తన నడిమి దాడికానిని వెనుకకు జరిపి ఆడిన తీరు ప్రపంచానికంతకూ కొత్త పాఠము. ఆ పాఠాన్ని మన ఆటగాండ్ల ఒడ్డు పొడవులకు తగినట్లు మార్చి, పొట్టి పాసులు, చురుకైన పరుగు కలిపి ఒక పద్ధతి తయారుచేసినాడు. నలుగురు వెనుక, ఇద్దరు నడుమ, నలుగురు ముందు నిలిచే కూర్పును 1958లో బ్రెజిలు జట్టు ప్రపంచ ప్రసిద్ధం చేసినది. ఆ బాటలో రహీం అంతకు ముందే ఆలోచించి శిష్యులతో ప్రయోగించినాడని ఆయన వద్ద ఆడినవారు చెప్పేవారు.

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అవతరించినది. సరిగా నెల తిరిగేసరికి, డిసెంబరు 1వ తేదీన, మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారతజట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించినది. నెవిల్ డిసౌజా మూడు గోలులు కొట్టి, ఒలింపిక్సులో ఆ ఘనత పొందిన మొదటి ఆసియావాసి అయినాడు. ఒలింపిక్సు ఫుట్‌బాలులో సెమీఫైనలుకు చేరిన తొలి ఆసియా దేశం మనదే. అక్కడ మళ్ళీ యుగోస్లావియా ఎదురైనది. నాలుగేండ్ల క్రింద 10-1తో ఓడించిన దేశమది. ఈసారి మొదటి గోలు మనది. ఆట చివరకు 1-4తో ఓడినాము. మూడవ స్థానపు పోటీలో బల్గేరియాకు 0-3తో తలవంచి నాలుగవ స్థానంలో నిలిచినాము. ఓటమియే అయినా, హెల్సింకీకి మెల్‌బోర్నుకు నడుమ ఎంత దూరం నడిచినామో ఆ అంకెలే చెప్పుతున్నవి.

ఆ జట్టులో హైదరాబాదు వాసులు ఎవరెవరున్నారో చూడండి. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్. వీరిలో తంగరాజ్ సికింద్రాబాదు క్లబ్బులలో ఆట నేర్చి సైన్యంలో చేరినవాడు. బలరాం సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడ వాడు, పేదయింటి పిల్లవాడు. రహీం కంటబడి, శిక్షణకు రమ్మన్నపుడు హైదరాబాదుకు పోవుటకు డబ్బు లేకపోగా, రహీం సాహెబే సైకిలు అద్దెకు రోజుకొక రూపాయి ఇచ్చినాడని ప్రసిద్ధమైన ముచ్చట. ఒక రూపాయి. దేశం ఆ పెట్టుబడికి ఏమి తిరిగి పొందినదో లెక్క కట్టినవారు లేరు. 1960 రోము ఒలింపిక్సులో హంగరీపై, పెరూపై గోలులు కొట్టినవాడు ఈ బలరామే. అదే పోటీలో మనవారు ఫ్రాన్సును 1-1తో నిలువరించినారు.

ఈ కాలంలోనే జాతీయ పోటీలలో హైదరాబాదు జట్టు 1956-57లోనూ, 1957-58లోనూ వరుసగా సంతోష్ ట్రోఫీ గెలిచినది. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో మరొకసారి గెలిచినది. అప్పటి హైదరాబాదు కుర్రవానికి దేశపు చొక్కా కల కాదు. అది ప్రక్కవీధి సంగతి. ఫలానా వారి అన్న తొడుక్కొన్నాడు, రేపు నేను తొడుక్కొంటాను అనుకొనుటకు వీలున్న సంగతి.

* * *

చివరకు జకార్తా. 1962 ఆగస్టు, సెప్టెంబరు మాసాలు.

ఇస్రాయేలు, తైవాను క్రీడాకారులకు ఇండొనీషియా ప్రవేశమివ్వలేదు. ఆసియా క్రీడల స్థాపకులలో ఒకరైన గురుదత్ సోంధీ దానిని తప్పుపట్టినాడు. దానితో జకార్తా ప్రజలు భారతీయులపై మండిపడినారు. భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగినది. మన ఆటగాండ్లు ఆ నగరంలో స్వేచ్ఛగా తిరుగలేని స్థితి ఏర్పడినది.

జట్టులోపల మరొక దిగులు. రహీం సాహెబు ఊపిరితిత్తుల క్యాన్సరుతో క్షీణిస్తున్నాడు. మొదటి ఆటలో దక్షిణ కొరియా 2-0తో మనలను ఓడించినది. తరువాత థాయిలాండును 4-1తో, జపానును 2-0తో గెలిచినారు. థాయిలాండుతో ఆటలో రక్షకుడైన జర్నయిల్ సింగు తల పగిలి కుట్లు పడినవి. అట్టివానిని ఇంటికి పంపవలెను, లేదా వెనుకనే నిలుపవలెను. రహీం అతనిని దాడికి ముందు నిలిపినాడు. సెమీఫైనలులో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలుపు లభించినది.

సెప్టెంబరు 4వ తేదీన తుది పోటీ. ఎదుట అదే దక్షిణ కొరియా. చుట్టూ సుమారు లక్ష మంది. వారిలో అధికులు మన ఓటమిని కోరేవారు. మన జాతీయగీతం వారి కేకలలో మునిగిపోయినది. 17వ నిమిషంలో పి. కె. బెనర్జీ గోలు కొట్టినాడు. మరి మూడు నిమిషాలకు, కుట్లు పడిన తలతో ముందు నిలిచిన జర్నయిల్ సింగు రెండవ గోలు కొట్టినాడు. కొరియావారు చివరలో ఒకటి తిరిగి ఇచ్చినారు. 2-1. చునీ గోస్వామి నాయకుడుగా భారతదేశం స్వర్ణం గెలిచినది. గోలు కాచినవాడు సికింద్రాబాదు తంగరాజ్. జట్టులో బలరాం, యూసుఫ్ ఖాన్, అఫ్జల్ వంటి హైదరాబాదు వాసులున్నారు.

వేల్సు ప్రజలు కార్డిఫ్‌లో తమ గీతం తామే పాడుకొని గెలిచినారు. మనవారు తమ గీతం వినబడని చోట గెలిచినారు. రెండవది మరింత కష్టమైన విద్య.

తరువాతి ఏడు, 1963 జూన్ 11వ తేదీన రహీం సాహెబు హైదరాబాదులో కాలధర్మం చెందినాడు. అప్పటికి ఆయనకు 53 ఏండ్లు.

* * *

శ్రోతలారా, ఇక్కడ కథ ముగిస్తే అందరికీ సంతోషముగా ఉంటుంది. కాని చరిత్ర చెప్పేవాడు పండుగ నాటి సంగతి చెప్పి మరునాటి సంగతి దాచరాదు.

రోము తరువాత మన ఫుట్‌బాలు జట్టు ఒలింపిక్సుకు అర్హత పొందలేదు. 1964లో ఆసియా కప్పు పోటీలో రెండవ స్థానం దక్కినది. 1970 బ్యాంకాకు ఆసియా క్రీడలలో కాంస్యం దొరికినది. ఆ జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ కూడ హైదరాబాదు వాడే. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు ఆ తరువాత పతకం రాలేదు. అనగా వెలుగు చాలకాలం కనిపించినది, కాని అది పాత నూనెతో వెలిగిన దీపము.

వేళ్ళు ఎట్లు తెగినవి? మంచి ఆటగాండ్లను కలకత్తా పెద్ద క్లబ్బులు పిలుచుకొన్నవి. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు పోయినాడు. అందులో తప్పు లేదు. కూడు ఎక్కడ దొరికితే అక్కడికి పోవుట గని కార్మికునికైనా ఆటగానికైనా సహజమే. కాని పోయినవారి చోటును నింపుటకు క్రింద నుండి పిల్లలు రావలెను. ఆ పిల్లలను తయారుచేసే పంతులు పోయినాడు. ఆయన పెట్టిన ఎడమకాలి పోటీలు, పొట్టివారి పోటీలు మెల్లగా మూలబడినవి. నగరం పెరిగినది. ఆటస్థలాలు కట్టడాలైనవి. మిగిలిన నేలను క్రికెట్టు పంచుకొన్నది. ఒకప్పుడు ఫుట్‌బాలు కేకలతో మారుమ్రోగిన బస్తీలలో బంతి చప్పుడు పలుచబడినది.

గౌరవం సంగతి కూడ ఇట్లే ఉన్నది. బలరామునకు 1962లో, యూసుఫ్ ఖానుకు 1966లో, తంగరాజుకు 1967లో అర్జున పురస్కారం లభించినది. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని ఆరంభము కాలేదు. అప్పటికి రహీం పోయి 22 ఏండ్లయినది. రోము ఒలింపిక్సు జట్టులో సభ్యుడైన ఆయన కుమారుడు సయ్యద్ అబ్దుల్ హకీమునకు 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చినది. 2024లో రహీం జీవితంపై 'మైదాన్' అను హిందీ చిత్రం విడుదలైనపుడు, ఎందరో తెలుగువారు ఈ పేరును మొదటిసారి విన్నారు. మన ఇంటి దీపాన్ని మనకు బొంబాయివారు చూపించవలసి వచ్చినది.

ఇటీవలి సంగతి ఒకటి. 2019లో హైదరాబాదు పేర ఒక వృత్తి జట్టు ఏర్పడి, 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు విజేతగా నిలిచినది. నగరం సంతోషించినది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయినది. వ్యాపారములో అది అనూహ్యమేమీ కాదు. కాని ఒక్కటి ఆలోచించండి. 1950 నాటి సిటీ పోలీసు జట్టును ఎవరైనా మరొక నగరానికి తరలించగలిగేవారా? పేరును మోసుకుపోవచ్చును. వీధిని, బడిని, పంతులును, గట్టున కూర్చునే తండ్రిని మోసుకుపోలేరు. కుండీలోని మొక్కను ఎక్కడికైనా మార్చవచ్చును. నేలలో నిలిచిన చెట్టును కదలించలేరు.

* * *

ఇప్పుడు మన నస్పూరుకు తిరిగి వత్తాము.

1871లో డాక్టరు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును కనుగొన్నాడు. 1889లో అక్కడ తవ్వకం ఆరంభమైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. ఆ గనుల వరుస గోదావరి వెంట ఉత్తరానికి ప్రాకి, బెల్లంపల్లి, మందమర్రి దాటి, మన శ్రీరాంపూరు, నస్పూరు వరకు వచ్చినది. ఒకప్పుడు ఆదిలాబాదు జిల్లాలోని పల్లె అయిన నస్పూరు, 2016లో మంచిర్యాల జిల్లా ఏర్పడిన పిదప జిల్లా కార్యాలయాలకు నెలవైనది. ఊరు మారినది. మైదానం మాత్రం ఇంకా ఉన్నది.

మొదట చెప్పిన మూడు వేళ్ళను ఇక్కడ వెతికి చూడండి. నేల ఉన్నది. కార్మికుల కాలనీలలో సింగరేణి వారు ఆటస్థలాలు పెట్టినారు. ఏరియాల నడుమ ఏటేటా పోటీలు జరుగుతవి. కూడు ఉన్నది. గని జీతంతో నడిచే ఇంటిలో పిల్లవాడు సాయంకాలం రెండు గంటలు ఆడుకొనుటకు తీరిక ఉన్నది. ఇది తక్కువ భాగ్యం కాదు. ఇంగ్లాండు గని కార్మికుడు దీనికొరకే ఆటను చీల్చుకొన్నాడు. కాని గని శాశ్వతము కాదు. బొగ్గు తరిగిన చోట బాయి మూతబడుతుంది, క్వార్టర్లు ఖాళీ అవుతవి. అప్పుడు ఆటస్థలము ఎవరిది అను ప్రశ్న వస్తుంది. హైదరాబాదు ఆ ప్రశ్నకు సకాలంలో జవాబు చెప్పలేకపోయినది. మనము ముందే ఆలోచించుట మంచిది.

మూడవ వేరు గురువు. ఆయనను ప్రభుత్వం ఉత్తరువు వేసి సృష్టించలేదు, కంపెనీ కొనలేదు. అట్టివాడు పుట్టిన చోట అతనికి అడ్డు రాకుండుట, అతని చేతికి ఒక బంతి, అతని జేబులో సైకిలు అద్దెకు ఒక రూపాయి ఉంచుట మాత్రం మన పని. రహీం సాహెబు దేశానికి ఇచ్చినది రెండు స్వర్ణాలు. అవి కనిపిస్తవి. కాని ఆయన బడి మైదానంలో ఎడమకాలితో బంతి తన్నుటకు అవస్థపడిన వందలాది పిల్లలు ఏ చరిత్ర గ్రంథంలోనూ కనిపించరు. వారిలో అధికులు దేశపు చొక్కా తొడుక్కొనలేదు. గుమాస్తాలైనారు, మెకానిక్కులైనారు, పోలీసులైనారు. వారు లేనిదే ఆ పదునొకండుగురు లేరు.

తాత జవాబు నాకు ఇప్పుడు అర్థమైనది. మనోళ్ళంటే రహీం సాబు పిలగాండ్లు అని ఆయన అన్నపుడు, బెంగాలు చునీని గాని పంజాబు జర్నయిలును గాని తీసివేయలేదు. వారందరూ కూడ రహీం సాహెబు శిష్యులే గదా. ఆయన దృష్టిలో జాతి యనగా ఒకే గురువు వద్ద ఒకే ఆట నేర్చుకొన్న పిల్లల గుంపు. మతం, భాష, ఊరు తరువాతి సంగతులు. దేశభక్తికి ఇంతకంటె సరళమైన నిర్వచనాన్ని నేను పుస్తకాలలో చదువలేదు.

ఆయన పోయి చాలా ఏండ్లయినది. గట్టున ఆయన కూర్చునే చోట ఇప్పుడు వేరొకరు కూర్చుంటున్నారు. రేపు సాయంకాలం మీరు మైదానం వైపు పోయినపుడు, బంతి మీ కాళ్ళ వద్దకు దొర్లుకొని వస్తే, ఒక్క క్షణం చేత పట్టుకొని ఈ కథలో ఒక ముక్కైనా ఆ పిల్లవానికి చెప్పండి. చెప్పి, బంతి ఇచ్చివేయండి. ఆట ఆగరాదు.